మాస్టారు దిద్దిన భుజం

1998 జూన్ 14, ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర గంటలకు, నాన్న చిత్రపటాన్ని అమ్మ పాతచీరలో చుట్టి తీసుకెళ్లి, పాలకొల్లులో మా డ్రాయింగు మాస్టారి వరండాలో దించాను. సమయం ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణముంది. ఆ పటాన్ని ఆ రూపంలో చూడటం నాకు అదే ఆఖరు.

మాస్టారు రిటైరై అప్పటికి నాలుగేళ్లు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. అందువల్ల కాబోలు, ఆయన బొమ్మలన్నీ సేకరించి హైస్కూలు హాలులో ప్రదర్శన పెట్టడం నా బాధ్యత అనుకున్నాను. ఆయన ఏనాడూ ఏ బొమ్మ మీదా సంతకం చేయలేదు. ఈసారైనా చేయించాలన్నది నా పట్టుదల; నాన్న పటాన్ని ఆయన దగ్గర వదిలిందీ అందుకే.

"సంతకం పెడితే మళ్లీ ముట్టుకోకూడదు కదోయ్," అనేవారు.

అదే ఆయనతో చిక్కు. ఎవరింటికి భోజనానికి పిలిచినా గోడ మీద తాను వేసిన బొమ్మ కనబడితే చాలు, విస్తరి ముందు కూర్చునే "ఆ ముక్కు తప్పండి" అని మొదలుపెట్టేవారు.

నాన్న రైసుమిల్లులో బస్తాలు మోసేవారు. నాకు రెండేళ్లప్పుడు పోయారు. ఫోటో ఒక్కటీ లేదు. మిల్లు స్కూలు గేటుకు ఎదురుగా ఉండటంతో మాస్టారు ఆయనను రోజూ చూసేవారట. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆ జ్ఞాపకంతోనే పటం వేసి ఇచ్చారు. తెల్లచొక్కా, దువ్విన జుట్టు, నిటారైన భుజాలు. నాకు తెలిసిన నాన్న ఆ పటమే.

మూడో ఆదివారం వెళ్లేసరికి అందులో నాన్న లేరు. చొక్కా లేని నల్లటి మనిషి ఒకాయన, నెత్తిన తుండు చుట్టుకుని, ఎండకు కళ్లు చిట్లించి నిలబడి ఉన్నారు. కుడిభుజం కిందకు వాలి ఉంది. రంగు ఇంకా ఆరలేదు.

"ఏం చేశారండి ఇది?" అన్నాను. అంతకన్నా మర్యాదగా ఎలా అడగాలో నాకు తోచలేదు.

"తప్పు దిద్దానోయ్. అప్పట్లో చదువుకునే కుర్రాడి ఇంట్లో ఉండే బొమ్మ కదాని, మీ నాన్నకి కరణంగారి చొక్కా తొడిగేశాను. ఇన్నేళ్లూ అది నన్ను పొడుస్తూనే ఉంది."

"నన్నొక్క మాట అడగాల్సిందండి."

"నువ్వు చూశావేంటి ఆయన్ని, అడగడానికి?"

ఆ మాటతో నా కోపం ఇంకా పెరిగింది. న్యాయం చెప్పించుకుందామని మరునాడు అమ్మను వెంటబెట్టుకొచ్చాను.

అమ్మ పటం దగ్గరకు జరిగి, పైనుంచి కిందిదాకా చూసింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"మేస్టారండీ, భుజం ఇంకాస్త దిగాలండి. తుండు నెత్తిన కాదండి, నడుముకి కట్టేవోరు."

"చెప్పమ్మా, చెప్పు," అంటూ ఆయన కుంచె అందుకున్నారు.

"అమ్మా, ఇన్నాళ్లూ ఆ పాత పటానికి దండం పెట్టావు కదా," అన్నాను.

"నువ్వు పెట్టుకుంటన్నావని నేనూ పెట్టాన్రా. ఆ చొక్కాయన ఎవరో నాకేం తెలుసు?"

నా గోడు వినేవారు లేకపోయారు. వాళ్లిద్దరూ తుండు ముడి గురించి వాదించుకుంటున్నారు. ప్రదర్శన ఆహ్వానపత్రికలో మొదటి చిత్రంగా పేరు అచ్చయిన పటం మాత్రం తడితడిగా స్టాండు మీద ఉంది.

ప్రదర్శన ఆ పటం లేకుండానే జరిగింది. మిగిలిన బొమ్మల మీదా మాస్టారు సంతకం చేయలేదు. హాలులో కూడా ఆయన జేబులో పెన్సిలు పెట్టుకుని తిరుగుతుంటే, వెనకాలే నడిచి కాపలా కాశాను. అమ్మ మాత్రం ఆ వర్షాకాలమంతా ప్రతి ఆదివారం ఆయన వరండాకు వెళ్లి, ఒక్కొక్క తప్పూ చెప్పి వచ్చేది.

కార్తీకంలో పటం ఇంటికి వచ్చింది, సంతకం లేకుండానే. ఆ తరువాత నాన్న ఎలా ఉండేవారని ఎవరైనా అడిగితే గోడ చూపించడం మానేశాను. అమ్మను అడగమంటున్నాను.