ఫ్రెంచి హోటల్లో మా వదిన

పోయిన గురువారం తెల్లవారకముందే మేనకోడలు ఫోన్ చేసింది. "అత్తా, మమ్మీ ఈజ్ విత్ ద లార్డ్," అంది. మా ఆయన అక్క, నా వదిన, షికాగో పక్కన నేపర్‌విల్‌లో ప్రభువునందు నిద్రించారు. ఆ రోజంతా సంఘం వాట్సాప్ గ్రూపులో శాంతమూర్తి, సాత్వికురాలు అని సందేశాలు వస్తూనే ఉన్నాయి. ఇవి రాసినవాళ్ళెవరూ ఆమెతో కూర్చుని ఒక్కపూటైనా భోంచేసి ఉండరని అనుకున్నాను.

నేను చాలా ఏళ్ళు చేశాను. బెంటన్‌విల్‌లో మా ఇంటికి వచ్చినా సరే, అందరి పళ్ళేల్లోనూ అన్నీ పడేదాకా ఎవరూ ముద్ద కలపకూడదు. తరువాత ప్రార్థన. వండినవాళ్ళు, పండించినవాళ్ళు, వీసా పొడిగింపు కోసం ఎదురుచూసేవాళ్ళు, ఒక్కొక్కరూ అయ్యేసరికి నేను వేడివేడిగా దింపిన పప్పుచారు చల్లారిపోయేది. ఆమెన్ అన్న వెంటనే, "ఉప్పు తక్కువైందే అమ్మాయ్. చెప్పకపోతే నీకెలా తెలుస్తుంది?" అనేవారు. ఒకసారి నన్ను ప్రార్థించమన్నారు. నా గొంతు చిన్నది. కళ్ళు తెరిచేసరికి నా వంకే చూస్తున్నారు. "దేవుడికి వినిపిస్తుందిలే. పక్కవాళ్ళు ఆమెన్ అనడానికైనా వినిపించొద్దూ?"

పోయిన ఏడాది ఆమెకు కీమో మొదలైతే సాయంగా వెళ్ళాను. కొన్ని విడతలయ్యాక తిండి మానేశారు. నోట్లో ఏది పెట్టినా ఇనుము నాకినట్టే ఉందనేవారు. సంఘం ఆడవాళ్ళు వంతులేసుకుని చేపల పులుసు తెచ్చిపెట్టేవారు. వదిన మూత తీసి, వాసన చూసి, మళ్ళీ మూత పెట్టేసేవారు. "ఇది చింతపండు కాదు, సీసాలో పేస్టు." "దీంట్లో మెంతులు మాడాయి." ముద్దయినా ముట్టకుండా తీర్పులు! పైగా తెచ్చినావిడకు చాలా బాగుందని చెప్పి రమ్మని నన్ను తోలేవారు. బరువు ఇలాగే తగ్గితే ముక్కులోంచి గొట్టం వేసి పాలు పట్టాల్సి వస్తుందని డాక్టరు చెప్పేశాడు. మేనకోడలు వంటింట్లో నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. "నా మాట వినదు అత్తా. నువ్వు చెప్పు."

వెళ్ళి చెప్పాను.

"రైలు దిగి ఆసుపత్రికి వెళ్ళే దారిలో, గుమ్మం మీద నీలం గుడ్డ కట్టిన హోటలుందే, అక్కడైతే తింటాను," అన్నారు వదిన.

అది షికాగోలో ఫ్రెంచి హోటలు. చేపలు, రొయ్యలు తప్ప ఇంకేం ఉండవు. ఫ్రిజ్ నిండా పులుసు గిన్నెలు పెట్టుకుని ఇదేం కోరిక అని నాకు ఒళ్ళు మండింది. అయినా తల్లీకూతుళ్ళతో పాటు రైలెక్కాను.

కూర్చోగానే కూతురి చేత మెనూ మొత్తం చదివించారు. పక్క బల్ల మీదికి ఐసులో పేర్చిన పచ్చి ఆలుచిప్పలు వెళ్తుంటే వేలు పెట్టి చూపించారు.

"మమ్మీ, రా ఐటమ్స్ నీకు అలవ్డ్ కాదు."

"తింటానన్నానా? బతికున్నాయో చచ్చాయో అడుగు."

"అది నేను అడగను!"

"అమ్మేవాళ్ళకి లేని సిగ్గు నీకెందుకే?"

చివరికి ఉడికించిన ఆలుచిప్పలు తెమ్మన్నారు. మా ఇద్దరి సూపులు ముందే వచ్చాయి. చెంచా ముట్టుకోనిస్తే కదా! అవి చల్లారుతుండగా మేనకోడలు నా చెవిలో చెప్పింది. "అత్తా, ఆ బ్రాత్‌లో వైట్ వైన్ పోస్తారు. ఉడికితే ఆల్కహాల్ పోతుంది. ప్లీజ్, మమ్మీకి చెప్పకు."

పక్కింటివాళ్ళిచ్చిన క్రిస్మస్ కేకులో రమ్ ఉందని తెలిసి, డబ్బాతో సహా పారేసిన మనిషి ఆమె. చెబితే ఈ ఒక్క ఆశా పోయి, గొట్టమే గతి. చెప్పకుండా ఆమె చేత తినిపించడం నా వల్ల కాదు. ఈ ఇరకాటంలోకి నన్ను నెట్టిందీ ఆవిడే కదా అని మళ్ళీ కోపం వచ్చింది.

ఇంతలో నల్లటి గిన్నె వచ్చింది. వడ్డించే ఆయన మూత తీశాడు. ఆవిరి వదిన ముఖం మీదికి వెళ్ళింది. ఆమె కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. రొట్టెల బుట్ట పట్టుకుని ఆయన అలా నిలబడే ఉన్నాడు. పడవవాళ్ళయ్యారు, వంటవాళ్ళయ్యారు, డాక్టర్లయ్యారు, ఆ నిలబడ్డ ఆయన కూడా అయ్యాడు. ప్రార్థన ఇంకా సాగుతూనే ఉంది.

ఆమెన్ అనగానే నా పళ్ళెం వంక చూస్తూ చెప్పేశాను. "వదినగారూ, దీంట్లో వైన్ పోశారట."

మేనకోడలు తల పట్టుకుంది.

"మూత తీసినప్పుడే తెలిసింది," అన్నారు వదిన. "లేకపోతే అంతసేపు ప్రార్థన ఎందుకు చేశాననుకున్నావు?"

రొట్టె తుంచి రసంలో ముంచి నోట్లో పెట్టుకున్నారు. మేమిద్దరం ఆమె దవడ వంకే చూస్తున్నాం. మింగారు. "వెల్లుల్లి తెలుస్తోందే," అన్నారు.

ఇనుము కాదు, వెల్లుల్లి. మేనకోడలు ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. "ఏంటలా చూస్తారు, మీ సూపు చల్లారిపోతోంది," అని మమ్మల్నే కసిరారు.

గొట్టం అవసరం రాలేదు. చివరి వారం దాకా నోటితోనే తిన్నారు, తిన్న ప్రతిదానికీ వంక పెడుతూనే. ఇప్పుడు ప్రార్థనకి కళ్ళు మూసుకుంటే, ముందుగా ఆ బల్లే కనబడుతోంది. అయిపోయిందనుకుని వడ్డించే ఆయన గిన్నె తీయబోయాడు. వదిన తలెత్తలేదు. ఎడమచేతి రెండు వేళ్ళతో గిన్నె అంచు గట్టిగా పట్టుకుని, ఖాళీ ఆలుచిప్పను గరిటెలా పట్టి, అడుగున మిగిలిన రసం తోడుకుంటున్నారు.