యాభయ్యో బొమ్మ

ఒంటరివాళ్ల పక్కన వచ్చి కూర్చునే దేవునికి స్తోత్రం.

తెలంగాణ బంద్ నాడు బస్సుల్లేక ఎల్బీ నగర్ స్టాపులో ఇద్దరమే మిగిలాం. పక్కనున్న పెద్దాయన ఒక ఆల్బం తెరిచాడు. నైజాం కాలంలో సిగరెట్ పెట్టెల్లో వచ్చిన బొమ్మకార్డులవి; చివరి పేజీలో ఒక్క గడి ఖాళీగా ఉంది.

"మా నాయన జమచేసిండు. గీ యాభయ్యోది దొరకాలెనని సిగరెట్లు తాగి తాగి దగ్గుతోనే పోయిండు. ఇప్పుడు నేను దేవులాడుతున్న. ఇంట్ల ఇంకెవ్వరు లేరు," అన్నాడు.

నా సంచిలో సండేస్కూలు పిల్లలకిచ్చే వాక్యం కార్డులున్నాయి. గొర్రెలకాపరిగా ఉన్న ప్రభువు బొమ్మ తీసిచ్చాను. అది ఆ ఖాళీలో పట్టలేదు.

"అంచులు కత్తిరించండి," అన్నాను.

"దేవుని బొమ్మను కోస్తరా, బిడ్డా?" అని, అంచులు బయటికి ఉండగానే ఆల్బం మూశాడు.

ఆయన వెతుకులాట ఆగిందో లేదో నాకు తెలియదు. ఆయన కోసం నాతోపాటు మీరూ ప్రార్థించండి.