గొంగడి మీది ఒట్టు, కంప్యూటర్ల ఆట

"ముసురు పట్టింది, గొంగడి కప్పుకపోరాదు" అన్న నేను.

"దానికి నాతోని ఏం పని, ఇంట్లనే ఉండనియ్యి" అన్నడు ఆయన.

గివే మా ఆలుమగల ఆఖరి మాటలు. మాడుగులపల్లిల బస్సెక్కి పోయిండు. మళ్ల జీపుల పండుకోబెట్టి తెచ్చిన్రు. వాన పడుతుంటే గొంగడి వద్దనే గొర్లోడు యాడన్న ఉంటడా? నాకు గప్పుడే సమజ్ కావాలె. కాలె.

నేను చెప్తుంటే మా అన్న బిడ్డ రాస్తున్నది. నాకు సంతకం వరకే వచ్చు.

మా దిక్కు ఆడపిల్లను అత్తగారింటికి తోలేటప్పుడు తల్లిగారు గొర్లనిస్తరు. అవి ఈనిన పిల్లలు, ఆ పిల్లల పిల్లలు, అన్ని ఆమెయే. మొగడు మేపుతడు గని అమ్మాల్నంటే ఆమెను అడగాలె. నా గొర్లకు ఎడమ చెవు కొస చీల్చి గుర్తు పెట్టిండు మా నాయిన. మందల వంద కలిసినా నావి నేను ఏరుకుంట.

ఆయనకు పేకాట పిచ్చి. పెండ్లయిన కొత్తల వేములపల్లి దిక్కు బత్తాయి తోటల ఆడుతుంటే పోలీసోళ్లు పట్టుకపోయిన్రు. మిర్యాలగూడ ఠాణాల అంగీ ఇప్పిచ్చి కూసోబెట్టిన్రు. మా అన్న పోయి ఇడిపిచ్చుకొచ్చిండు. ఆ పొద్దు నేను వాకిట్ల గొంగడి పరిచిన. గొంగడి మీద చెయ్యేసి చెప్పిన మాట తప్పినోన్ని మా వాళ్లు మంద కాడ కూసోనియ్యరు.

"ఇగ పేక ముట్ట. పేకాడే తావుకు పోను. నీ గొర్ల మీద ఒట్టు" అన్నడు, చెయ్యేసి.

మా ఆడిబిడ్డ గడప మీద కూసోని నవ్వింది. "వదినా, మా అన్నకు ముందుగాల్నే చెయ్యి దురద. గొంగడి మీద పెట్టిస్తే ఇంకింత దురద పెడ్తది" అన్నది. నాకు కోపమొచ్చి ఆమెతోని చానా దినాలు మాట్లాడలె.

ఉన్నమాట చెప్పాలె. ఆయన మళ్ల పేక ముట్టలె. లగ్గాలల్ల మొగోళ్లు పిలిచినా "గొంగడి మీద చెప్పిన" అని లేసొచ్చెటోడు. బోరింగు కాడ ఆడోళ్లకు గొప్పగ చెప్పుకున్న నేను.

కొన్నేండ్లు గట్ల గడిచినయి. ఒక పంటకారుల సాగర్ కాల్వకు నీళ్లొచ్చినంక, "యాడ సూసినా నాట్లే, మేపెతందుకు జాగ లేదు. గరిడేపల్లి అవతల బీళ్లున్నయి, ఆడ నా దోస్తు మందల మన గొర్లను కలిపిన" అన్నడు. మందల మంద కలుపుడు మాకు కొత్త గాదు. నేను ఇంకో మాట అడగలె. అప్పట్నుంచి "గొర్లను సూసొస్త" అని ఆ దారిన పోయే కోదాడ బస్సెక్కెటోడు. మాపటికొచ్చి అన్నం తినుకుంట చెప్పెటోడు: "ముసల్ది ఈనింది. కవలలు. ఒకదానికి నుదురు మీద తెల్లమచ్చ." ఆ తెల్లమచ్చ పిల్ల నా కండ్లల్ల ఆడేది. చెవు ఎప్పుడు చీల్చుదామని నేనే అడిగేదాన్ని.

ఆ ముసురు నాడు కోదాడల నెట్ షాపుల కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండంట, గుండె ఆగి. దినాలైనంక ఆయన సంచి తెచ్చుకుందామని నేనే పోయిన. షాపాయన నన్ను కుర్చీల కూసోమన్నడు.

"రోజూ వచ్చేవారండి. ఆ మూల సిస్టం ఆయనదే. చక్రం తిప్పే ఆట ఆడేవారు. ఆట తెరవడం, డబ్బు కట్టడం నేనే చేసిపెట్టేవాణ్ణి. మీకు చెప్పలేదాండి?"

"పోలీసోళ్లు రారా?" అన్న.

"దీనికెందుకొస్తారండి? పేకుందా, చాపుందా? ఆయనే అనేవారు, ఇంటిదానికి మాటిచ్చాను, పేక ముట్టలేదుగా అని. అని నవ్వేవారు."

నవ్విండంట.

అటునుంచి అటే గరిడేపల్లి పోయిన. ఆ దోస్తు దోస్తు గాదు, గొర్లను కొన్నోడు. "నువ్వు ఒప్పుకున్నవనే చెప్పిండమ్మా నీ మొగడు" అన్నడు. పాపం, ఆయనకేం తెలుసు. మందల చీలిన చెవులు ఆడాడ కనబడ్డయి. ముసల్ది నన్ను గుర్తుపట్టి వచ్చి కొంగు నమిలింది.

"దీని కవలలేయి?" అన్న.

"ఏం కవలలు? ఇది చూలు కట్టుడు ఎన్నడో బందయింది" అన్నడు.

లేని పిల్లల కత చెప్పి నాతోని అన్నం పెట్టిచ్చుకున్నడు. గొర్లు పోయిన దుఃఖం ఒక దిక్కు, ఆ తెల్లమచ్చ పిల్ల ఒక దిక్కు.

సూర్యాపేటల వకీలు సారు కాడికి పోయిన, నా గొర్లు నాకొస్తయా అని.

"సారు, తోటల ఆడితే తప్పు, కుర్చీల ఆడితే కాదా?"

"తప్పు కాదంటలేనమ్మా. రమ్మీ అయితే తెలివి ఆట అని కోర్టు ఇడిసిపెట్టింది. చక్రం ఆటకు ఆ మాట గూడ లేదు. గని మన చట్టం రాసిన్నాడు కంప్యూటర్లు యాడియి? ఆడిచ్చే ఇల్లు అని రాసిన్రు. ఈ ఆట ఇల్లు ఏ దేశంల ఉన్నదో ఎవనికెరుక? షాపోడు కంప్యూటర్ కిరాయికిచ్చిన అంటడు. ఆడినాయన పోయిండు. కేసు ఎవరి మీద పెట్టమంటవు?"

"మరెట్ల?"

"రాష్ట్రం రెండైతున్నది. కొత్త సర్కారొచ్చి ఏమన్న రాస్తదేమో. సరేగని, గొర్లు నీయే అని కాయితమున్నదా?"

"చెవులున్నయి సారు" అన్న.

ఆయన కలం కింద పెట్టిండు.

సర్కారోళ్లు రాసిన కాయితంల సందున్నదంట. మా ఆయన చేసిన ఒట్టుల గూడ అసువంటి సందే ఉండె. సర్కారోళ్లకు తెల్వక ఉండిపోయింది. ఆయనకు తెలుసు. తెలిసే రోజూ కోదాడ పోయిండు. గందుకే గొంగడిని ఎంట తీస్కపోక ఇంట్ల ఇడిసిపెట్టెటోడు. అదింక చిలక్కొయ్యకే ఉన్నది, నేను దించలె.

ఇగ చాలు బిడ్డా. మొదట్నుంచి జర సదివి ఇనిపియ్యి. ఆయన ఒట్టు పెట్టిన కాడ మెల్లగ సదువు. ఏమన్నడో గదే పడాలె, నా మాట ఒక్కటి గూడ అండ్ల కలవద్దు.