గరాజ్‌లో తినిపించిన నువ్వుల లడ్డూ

అమెరికాలో మేముండే కాపెల్‌లో, మా వీధిలో ముగ్గురు తెలుగువాళ్ళు ఒకచోట నిలబడితే కమిటీ అవుతుంది. నాలుగో మనిషి వస్తే దానికి ఫోన్‌లో గ్రూపు అవుతుంది. అలా పుట్టిందే మా హాలోవీన్ సేఫ్టీ కమిటీ. పిల్లలు వేషాలు కట్టి ఇంటింటికీ తిరిగి క్యాండీ అడిగే పండగకి కాపలా అన్నమాట. దాని పెద్ద, మా ఎదురింటాయన, ఆఫీసులో ఆర్కిటెక్ట్. సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ లెండి, ఇటుక పట్టుకున్న పాపాన పోలేదు. పిల్లలకి ఆయన అంకుల్, మాకు అన్న. ఇంట్లో బల్బు మార్చాలన్నా మనిషిని పిలిపించే ఆయనకి ఊళ్ళో పిల్లలందరి ప్రాణాలూ తన భుజాల మీదే ఉన్నాయని గట్టి నమ్మకం.

నాకు మాత్రం ఒక్కటే భయం. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. పల్లీలు పడవు. జీడిపప్పూ, బాదం కూడా వద్దన్నారు డాక్టరు. ఒక పుట్టినరోజు పార్టీలో ఎవరో పెట్టిన బిస్కెట్ కొరికితే పెదాలు బూరెల్లా ఉబ్బి, ఊపిరి ఆడక, ఆస్పత్రికి పరిగెత్తాం. అప్పటినుంచి నా బ్యాగులో లిప్‌స్టిక్ ఉన్నా లేకపోయినా అలాంటప్పుడు తొడకి గుచ్చే పెన్ను లాంటి ఇంజెక్షన్ ఉంటుంది.

హాలోవీన్‌కి ముందు శనివారం అన్నగారింట్లో మీటింగు. పెద్ద టీవీ మీద మా కాలనీ మ్యాపు వేశారు. తెలుగువాళ్ళ ఇళ్ళకి పచ్చరంగు, తెలియనివాళ్ళకి పసుపు, మూలమీద ఒంటరిగా ఉండే ముసలాయన ఇంటికి ఎర్రరంగు. ఆయన చేసిన నేరాలేమిటయ్యా అంటే, లాన్ సరిగ్గా కోయడు, చెట్టుకి ప్లాస్టిక్ అస్థిపంజరం వేలాడదీశాడు. హాలోవీన్ పూట అస్థిపంజరం కాక మామిడితోరణం కడతారా అని అడగబోయి, ఎందుకొచ్చిన గొడవని సమోసా తిన్నాను.

"తెలియనోళ్ళిచ్చే క్యాండీ ఒక్కటి కూడా పిల్లల నోట్లకి పోవద్దు. బ్లేడ్లు పెడుతరంట, మందులు కలుపుతరంట. అన్నీ మా గరాజ్‌కి తీసుకురావాలె, చెక్ చేసి పారేస్తం. బదులుగా మీ వదిన లడ్డూలు చేస్తది. హోమ్‌మేడ్, హండ్రెడ్ పర్సెంట్ సేఫ్," అన్నాడు అన్న.

"అన్నా, మా అమ్మాయికి పల్లీలు పడవు కదా," అన్నాను.

"అందుకే కదా చెల్లెమ్మా ఈ ప్లాన్! ఫ్యాక్టరీల ఏం కలుపుతరో ఎవరికి తెలుసు? మన ఇంట్ల చేసిందైతే మనకు తెలుస్తది."

అందరూ చప్పట్లు కొట్టారు. ప్రతి చాక్లెట్ కాగితం మీదా ఏం కలిపారో అచ్చు వేసి ఉంటుందని, వదినగారి స్టీలు డబ్బా మీద ఏమీ రాసి ఉండదని ఆ చదువుకున్న సభలో ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది. కానీ పక్కనే వదిన నవ్వుతూ టీ పోస్తోంది. మొహమాటం నోరు నొక్కేసింది.

హాలోవీన్ సాయంత్రం మా అమ్మాయి తేనెటీగ వేషం వేసుకుంది. రెక్కల మీద, చీకట్లో కనబడాలని కమిటీవారిచ్చిన మెరిసే పసుపు జాకెట్ మోకాళ్ళ దాకా వేలాడింది. రాకుమార్తెలూ, మంత్రగత్తెలూ, ఒక డైనోసారూ, అందరికీ అవే జాకెట్లు. వెనకాల మూడు కార్లు లైట్లు టపటపలాడించుకుంటూ పిల్లల మడమల మీదికి నత్తనడకన వస్తున్నాయి. పిల్లలకి ఆ వీధిలో నిజంగా ప్రమాదమంటూ ఉంటే ఆ కార్లే.

మూల ఇంటి ముసలాయన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి, రోడ్డు తవ్వడానికి వచ్చారా అని ఇంగ్లీషులో అడిగి తనే పకపకా నవ్వాడు. ఆయన గుమ్మం దగ్గర నీలం రంగు వేసిన గుమ్మడికాయ ఒకటి ఉంది. తిండి పడని పిల్లల కోసం ఇక్కడ వేరే బహుమతులున్నాయని దానికర్థం. మా అమ్మాయికి అది తెలుసు. ఎర్రరంగునీ కమిటీనీ లెక్కచేయకుండా పరిగెత్తింది. పిల్లలకి ఏవేవి పడవో ఆయన మర్యాదగా అడిగి, చాక్లెట్ల గిన్నె వెనక్కి జరిపి, వేరే బుట్టలోంచి సాలెపురుగు ఉంగరం తీసి ఇచ్చాడు. కార్లోంచి అన్న హారన్ కొట్టాడు.

గరాజ్‌లో తనిఖీ మొదలైంది. అన్న టార్చిలైటు వేసి ప్రతి చాక్లెట్టునీ కస్టమ్స్ ఆఫీసరులా తిప్పి తిప్పి చూసి చెత్తసంచిలో వేస్తున్నాడు. వదిన లడ్డూల పళ్ళెం పట్టుకొచ్చింది.

"వదినా, ఇందులో పల్లీలేమైనా..."

"అయ్యో, ఒక్క పల్లీ కూడా వెయ్యలే! నువ్వులే."

"పోనీ ప్యాక్ చేసివ్వండి, ఇంటికెళ్ళాక తింటుంది," అన్నాను. అంటే వద్దని. కానీ మనలో వద్దంటే ఇంకొంచెం బలవంతం చేయమని కదా అర్థం! ఎవరైనా రెండోసారి వద్దన్నారంటే మూడో గరిటె వేయందే మన చేతులు ఊరుకోవు.

"ఇంటికి పోయినంక ఎందుకు, వేడి వేడిగ ఉన్నయి. నోరు తెరువు బంగారం!"

మా అమ్మాయి తల అడ్డంగా ఊపింది. పెదాలు బిగించింది. "సిగ్గు!" అని ఎవరో నవ్వారు. "పెద్దోళ్ళు పెడితే వద్దనొద్దు," అని టార్చిలైటు వెనకనుంచి అన్న. నేను చేయి చాచేలోగా పిల్ల "నో ఆంటీ" అనడానికి నోరు తెరిచింది. తెరిచిన నోట్లో లడ్డూ ముక్క పడింది.

వెంటనే ఉమ్మేసింది. కానీ కాసేపటికే గొంతు గోక్కోవడం మొదలుపెట్టింది. పెదాలు ఉబ్బాయి. ఊపిరి ఈలలా వస్తోంది. పసుపు జాకెట్ లాగేసి, నల్లచారల సాక్స్ మీదినుంచే తొడకి ఇంజెక్షన్ గుచ్చాను. ఎవరో అంబులెన్స్‌కి ఫోన్ చేశారు. రెక్కలు అడ్డమొస్తున్నాయని వాటిని ఊడదీసి స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు.

"పల్లీలు వెయ్యలే చెల్లె, ఒట్టు," వదిన ఏడుస్తోంది. "బతుకమ్మకి చేసిన పల్లీల సత్తు మిగిలితే కలిపిన, అంతే. పొడే కదా!"

పల్లీలు వేయించి దంచి చక్కెర కలిపితే అది సత్తు. సత్తు అయ్యాక అది పల్లీ కాదని ఆవిడ మనస్ఫూర్తిగా నమ్మింది. ఆ నమ్మకం మీద నా బిడ్డ ప్రాణం పెట్టింది.

అంబులెన్స్‌లో పిల్ల నా వేలు పట్టుకుని మెల్లగా, "అమ్మా, నేను నో అనడానికే మౌత్ ఓపెన్ చేశాను," అంది. తప్పు తనదేమోనని దాని భయం. నాకు ఏడుపాగలేదు.

దేవుడి దయవల్ల, మందు దయవల్ల, మర్నాటికి ఇంటికొచ్చాం. గ్రూపులో అప్పటికే అన్న మెసేజ్ పెట్టేశాడు. "నిన్న మన పిల్లలల్ల ఒకరికి సీరియస్ అయింది. మూల ఇంటికి పోవద్దని ముందే చెప్పినం. నెక్స్ట్ ఇయర్ రూల్స్ స్ట్రిక్ట్ చేద్దాం." కింద దండాలు పెట్టే బొమ్మలు బారులు తీరాయి. తిలా పాపం తలా పిడికెడు అంటారు, మావాళ్ళు ఆ పిడికెడు కూడా పంచుకోకుండా మొత్తం తీసుకెళ్ళి ఆ ముసలాయన గుమ్మంలో పోశారు. నా ఒళ్ళు మండిపోయింది. "ఆ ఇంట్లో ప్లాస్టిక్ ఉంగరం ఇచ్చారు. లడ్డూ తిన్నది మీ గరాజ్‌లో," అని రాశాను. దాని కిందే ఎవరో గుడ్ మార్నింగ్ అంటూ పూలగుత్తి పంపారు.

ఆ సాయంత్రం వదిన వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నిద్ర లేనట్టుంది పాపం. గుమ్మంలోనే నా చేతులు పట్టుకుంది. కోపంతో దాచుకున్న మాటలన్నీ పక్కనపెట్టి, లోపలికి రమ్మని టీ ఇచ్చాను. వెళ్తూ వెళ్తూ ఒక స్టీలు డబ్బా నా చేతిలో పెట్టింది.

"పాపకి మళ్ళ లడ్డూలు చేసిన. ఈసారి పల్లీల వాసన కూడా తగల్నియ్యలే. ఉత్త జీడిపప్పే."

డబ్బా తీసుకున్నాను. "థాంక్స్ వదినా," అని కూడా అన్నాను. ఆవిడ మెట్లు దిగింది.

వెనకాల నా చీరకొంగు పట్టుకుని మా అమ్మాయి నిలబడి ఉంది. వేలికి ఇంకా ఆ సాలెపురుగు ఉంగరం ఉంది. డబ్బా వైపు చూసింది, నా వైపు చూసింది.

"అమ్మా, నీకు కూడా నో చెప్పడం రాదా?"

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. వీధి మధ్యలో వదినని ఆపి, డబ్బా తిరిగి ఆవిడ చేతుల్లో పెట్టాను. మొహం చిన్నబుచ్చుకుని, "ఒక్కటన్నా ఉంచుకో," అంది.

"వద్దు," అన్నాను. గుమ్మంలోనుంచి పిల్ల చూస్తోంది. అందుకే ఇంకోసారి, దానికి వినబడేట్టు గట్టిగా, వద్దన్నాను.