మాస్టారి ఎడమ చేయి

రాజమండ్రిలో నేను పళ్ల క్లినిక్ పెట్టిన కొత్త. దవడ ఎముకలో స్క్రూ బిగించి దానిమీద పళ్లు కట్టే ఇంప్లాంట్ పద్ధతి అప్పుడప్పుడే మా వైపు వస్తోంది. రెండు రోజుల క్లాసుకు వెళ్లొచ్చి, సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకు తగిలించాను. ఎంత మిడిసిపాటో నాకు!

మొదట ఒప్పుకున్నది నాకు అక్షరాలు దిద్దించిన మాస్టారు. రిటైరయ్యాక సాయంత్రాలు పిల్లలకు పద్యాలు చెప్పేవారు. పద్యం మధ్యలో కింది కట్టుడుపళ్లు జారిపోతుంటే పిల్లలు నవ్వుతున్నారట.

"పద్యం ఆగకుండా చదివితే చాలురా" అన్నారు.

కింది దవడకు ముందు భాగంలో, నాలుక వైపున, సన్నటి రంధ్రాల గుండా రక్తనాళాలు ఎముకలోకి వెళతాయి. పరీక్షలో ఆ బొమ్మ గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఎక్స్‌రేలో ఎముక ఎత్తు తెలుస్తుంది గానీ మందం తెలియదు. లోపలి వైపు వేలితో తడిమి ఉంటే, అక్కడ ఎముక నొక్కుకుపోయి ఉందని తెలిసేది. తడమలేదు.

నేను కుడివైపు నిలబడతాను కాబట్టి, ఇబ్బందైతే ఎడమ చేయి ఎత్తమని మాత్రం చెప్పాను. డ్రిల్లు ఎముక దాటి అవతలి నాళాన్ని కోసింది. రక్తం బయటికి రాకుండా నాలుక కిందే నిండింది. ఆయన చేయి ఎత్తలేదు. నేను కుట్లు ముగించి చూసేసరికి నాలుక అంగిటికి అంటుకుపోయి, ఊపిరందక కళ్లు తేలేస్తున్నారు. పెద్దాసుపత్రికి ఎలా చేర్చానో గుర్తులేదు. గొంతుకు రంధ్రం చేసి, గొట్టం పెట్టి బతికించారు.

మూడో రోజు, మాట రాని మాస్టారు కాగితం తెప్పించుకుని రాశారు: "నాలుక పైకి లేస్తోందని తెలిసిందిరా. డాక్టరు మీదికి ఎడం చెయ్యి ఎలా ఎత్తను? తప్పు నాదే."

బళ్లో ఎడమ చేయి ఎత్తిన ప్రతివాడి మెటికల మీదా కొట్టి కుడిచేయి ఎత్తించింది ఆయనే. నేనూ తిన్నాను ఆ దెబ్బలు. ఆయనకు ఎడమ చేయి ఎత్తమని చెప్పడానికి నాకు బుద్ధి ఉండొద్దూ? తప్పు నాదని ఆ క్షణమే అనాల్సింది. ఊళ్లో తెలిస్తే క్లినిక్ మూసుకోవాలన్న భయంతో, కాగితం మడిచి ఆయన చేతిలోనే పెట్టేశాను.

గొట్టం తీశాక గొంతు బొంగురుగా మిగిలిపోయింది. పద్యాలకు పిల్లలు రావడం మానేశారు. రెండేళ్లకు మాస్టారు పోయారు.

పెదకర్మ భోజనాల దగ్గర ఆయన భార్య నన్ను పదిమందికీ చూపించారు. "ఆ రోజు ఆసుపత్రికి తీసుకెళ్లి మా ఆయన్ని బతికించింది ఈ బాబేనండి" అన్నారు.

నేను విస్తరి ముందు తల వంచుకుని అన్నం తిన్నాను.