కాచుకోవడం రాని ఉదయకుమార్

ఉదయకుమార్‌కు అన్నీ వచ్చు, కాచుకోవడం ఒక్కటే రాదు. బస్సు కోసం కాచుకోలేక దానికి ఎదురు నడిచేవాడు. ఆ బస్సు అతన్ని దాటుకుని వెళ్ళిపోయేది. అన్నం ఉడికేదాకా కాచుకోలేక కుక్కరు ఆఖరి కూత తానే నోటితో వేసేవాడు. వదిన కాంచన దాన్ని నమ్మి పొయ్యి ఆర్పేసి, ఇంటిల్లిపాదికీ పలుకు అన్నం వడ్డించిన రోజులు కూడా ఉన్నాయి.

పెళ్ళిచూపులకు వేలూరు వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళు ఇంకా వానల గురించే మాట్లాడుకుంటున్నారు. చూస్తే చాప మీద పెళ్ళికొడుకు లేడు. కాంచన వెతుక్కుంటూ వెళితే, వంటింట్లో పెళ్ళికూతురు మోహన పక్కన నిలబడి కాఫీ తాగుతున్నాడు.

"ఏందప్పా ఇది?"

"ఆ పిల్ల ఇంత దూరం మోసకరావల్ల, నేను కాచుకోనుండల్ల. నేనే వస్తే రెండు పన్లూ తప్పె గదా వదినా!"

మోహన నవ్వు ఆపుకోలేక గ్లాసు జారవిడిచింది. సంబంధం అక్కడే ఖాయమైంది.

పెళ్ళిలోనూ అంతే. అటువైపు వాళ్ళు ఒక్కొక్కరూ ఇటువైపు ఒక్కొక్కరికీ గంధం పూయడం మొదలుపెట్టారు. పూసినవాళ్ళకే మళ్ళీ పూస్తున్నారు, తప్పిపోయినవాళ్ళు అలుగుతున్నారు. అలా సాగితే పగటి విందు దీపాలు పెట్టాక తినాలి. పెళ్ళికొడుకు బాసికంతోనే కుర్చీ ఎక్కాడు.

"ముందు ఎవరింటోళ్ళు వాళ్ళు ఒక మూటగా చేరండి! ఇంటికొక పెద్ద చాలు. పెద్దా పెద్దా పూసుకుంటే ఇంటికంతా పూసినట్టే! ముందు మూట కట్టండి, ఆ పైన కలపండి!"

పెద్దలకు కోపం వచ్చింది కానీ, సాంబారు పొగలు కక్కుతుండగానే ఆకు ముందు కూర్చున్నాక ఆ కోపం నిలవలేదు. అప్పటినుంచీ ఇంట్లో ఎవరు పెరుగన్నం కలుపుతున్నా "ముందు మూట కట్టినావా?" అని అడగడం ఆనవాయితీ అయిపోయింది. కాంచన పోపుడబ్బాలన్నిటికీ అరవంలో పేర్లు రాసి అంటించింది కూడా అతనే. జీలకర్ర కోసం అన్ని మూతలూ తీసి చూస్తుంటే అతనికి ఊపిరాడేది కాదట.

ఇంతటివాడికి దొరికిన ఉద్యోగం, జనం పొద్దస్తమానం కాచుకునే చోట. వేలూరులో, తొరపాడి వైపు ఒక చిన్న కంటి ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకోవడం.

కాంచన అత్త కమలాక్షి, అంటే ఉదయకుమార్ తల్లి, గుడియాత్తంలో ఇంటి మగ్గానికి కండెలు చుట్టేది. కళ్ళలో పొర కమ్మి, తెగిన పోగు కొస దొరకక ఊరుకుంది. ఆసుపత్రిలో గుడియాత్తం వాళ్ళకని ఒక సోమవారం క్యాంపు పెట్టారు. ఒక్కొక్కరిని పిలిచే ముందు కంప్యూటరు ఆ మనిషి ఎన్నిసార్లు వచ్చిందీ, ఎన్ని పరీక్షలయిందీ చూపాలి. అది చూపడానికి బదులు తెర మీద గుండ్రంగా తిరుగుతూ కూర్చుంది. డాక్టర్లు లేచి వెళ్ళే వేళకు సగంమంది పేర్లే వచ్చాయి. కమలాక్షి మిగిలిన సగంలో ఉంది.

"కడుపున పుట్టినోడు లోపలే ఉండాడు, నాకు మాత్రం దారి లేదు!" అని ఆమె బస్టాండు దాకా కొడుకును సాధించింది.

"వరసలోనే రావల్లమ్మా," అన్నాడు కొడుకు.

మేనేజరు సుందరం మాత్రం తేల్చి చెప్పేశాడు. వచ్చే సోమవారం కూడా ఇదే తంతు అయితే గుడియాత్తం క్యాంపు ఎత్తేసి తిరుపత్తూరుకు ఇచ్చేస్తారట.

ఆదివారం ఉదయకుమార్ ల్యాప్‌టాప్‌తో గుడియాత్తం వచ్చాడు. దోసె చల్లారిపోతోంది, అతను ముట్టలేదు. తినమని చెప్పి చెప్పి కాంచన పక్కనే కూర్చుంది.

"దాంట్లో ఏం జరగతా ఉండాది నాయనా, అంతసేపు?"

"వచ్చిన రాకలన్నీ ఒక పట్టీలో, పరీక్షలన్నీ ఇంకో పట్టీలో ఉండాయి వదినా. అమ్మ నాలుగుసార్లు వచ్చింది, అయిదు పరీక్షలైనాయి. ఇది ఒక్కో రాకనూ అయిదు పరీక్షలకూ కలపతాది. ఇరవై వరసలాయె. ఊరందరికీ అట్లే కలిపి, ఆ గుట్టలో కూర్చోని యా వరస ఎవరిదని మళ్ళా ఏరతాది."

లోపలినుంచి కమలాక్షి అందుకుంది. "అందుకేనా ముందొకసారి ఆ నర్సమ్మ నేను ఇరవైసార్లు వచ్చినానన్నింది? నాలుగుసార్లకే నడుం పోయిందే నాది!"

"అంతా కలిపేసి ఆ పైన ఏరేదా! ఏ తెలివిలేనోడు రాసినాడప్పా దాన్ని?" అంది కాంచన.

ఉదయకుమార్ దోసె వైపు చూశాడు. "నేనే వదినా. సీక్రం అయిపోవల్లని తొందరగా రాసేసినా."

అని, ఉన్నట్టుండి ఎగిరి లేచాడు. "గంధం! అందరి చేతా అందరికీ గంధం పూయించినానే నేను!"

ఇక అతన్ని పట్టేవాళ్ళు లేరు. రేపు వచ్చేవాళ్ళను ముందే వేరు చేశాడు. మనిషికొకటిగా రాకలు ఒక మూట, పరీక్షలు ఒక మూట కట్టించాడు. ఆ పైనే మూటకు మూట కలిపాడు. వెతుకులాట తప్పేలా పట్టీలకు పోపుడబ్బాల మాదిరి గుర్తులూ పెట్టాడు. మీట నొక్కాడు. వేలు పైకి తీసేలోగా తెర నిండిపోయింది. కమలాక్షి, నాలుగు రాకలు, అయిదు పరీక్షలు!

సోమవారం అత్తను వెంటబెట్టుకుని కాంచన వెళ్ళింది. సుందరం మొదటి పేరు కొట్టి, కంగారుగా కేక వేశాడు. "ఏమప్పా ఉదయా, చెడిపోయినట్టుండాది! నొక్కకముందే వచ్చేసె!"

"చెడిపోలేదు సార్, బాగైపోయింది!"

పేర్లు పరుగెత్తాయి. టిఫిను వేళకే కమలాక్షికి ఆపరేషన్ తేదీ ఇచ్చేశారు. ఆమె ఆ తేదీని బస్సు దిగినవాళ్ళందరికీ పెళ్ళి ముహూర్తం చెప్పినట్టు చెప్పుకుంటూ తిరిగింది.

అప్పుడే నర్సు హేమమాలిని బయటికి వచ్చి పిలిచింది. "పుష్పవతీ!"

"ఉండాను!" అని గట్టిగా పలికి, వరసలోంచి బుర్రమీసాల ఉదయకుమార్ లేచి నిలబడ్డాడు.

కాంచన నోరు తెరిచేసింది. హేమమాలిని మాత్రం కన్నార్పలేదు. "ఇదేం కొత్త కాదక్కా. పిలిచినప్పుడు పలక్కపోతే వరస చివరికి పోవల్ల గదా. ముసిలోళ్ళు పొద్దున బస్సుకు ఏమీ తినకుండా వస్తారు. టిఫినుకు పోయొచ్చేదాకా వాళ్ళ కుర్చీల్లో ఈయనే కూర్చుంటాడు. పోయిన క్యాంపులో మధ్యాహ్నం దాకా మీ అత్తకోసం కూర్చున్నాడు. ఆమె నిద్రపోతా ఉండె, చూడలేదు."

కాంచన మరిది పక్కకు వెళ్ళింది. "నీకు కాచుకునేది రాదు గదప్పా?"

"కాచుకునేది నేనెక్కడ వదినా? పుష్పవతమ్మ గదా!" అన్నాడతను, మీసం తడుముకుంటూ.

ఇంతలో పుష్పవతమ్మే ఇడ్లీ చేత్తో పట్టుకుని పరుగున వచ్చింది, మండిపడుతూ. "ఇదేం పాడు తొందరప్పా! పోయినసారి చక్కగా తిని, కునుకు తీసి వచ్చినా నా పేరు రాలేదు. ఇప్పుడు చట్నీ వేసుకునేలోపల పిలిచేస్తా ఉండారే! మళ్ళా పాత మాదిరే పెట్టు నాయనా!"

ఉదయకుమార్ ఆమెను లోపలికి పంపి, కుర్చీలో కూర్చోబోయాడు. అప్పటికే తర్వాతి పేరువాళ్ళూ లోపలికి వెళ్ళిపోయారు. ఎవరికోసం కూర్చోవాలో తెలియక, గది మధ్యలో నిలబడి దిక్కులు చూశాడు.