ఎడం అన్న మాట

డెబ్బై ఒకటి యుద్ధం నాటి నుంచి ఒక మాట నా మీద బరువుగా ఉంది. దాన్ని మోసింది నేను, నష్టపోయింది మరొకరు. ఆయన పోయి నెల కాలేదు. ఇన్నాళ్లూ ఆగి ఇప్పుడు చెప్పడం ధైర్యమా? కాదు. అయినా మీకు చెబుతాను.

విశాఖలో కిటికీ అద్దాలకు నల్ల కాగితం అంటించిన రోజులవి. విమానాశ్రయం పక్కన ఒక షెడ్డులో మేం ఓడల రాడార్‌ను విమానంలో ఇమిడ్చే పనిలో ఉన్నాం. చీకట్లో వచ్చే శత్రు విమానాన్ని మన పైలట్ కంటితో చూడకుండానే వెతికి పట్టుకోవాలి. ఆ పనిలో నా జోడీ ఎలమంచిలి వైపు రైతు కొడుకు. చుట్టరికం లేదు గానీ ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్లం.

పరీక్ష పగలే చేశాం. పైలట్ ముందున్న అద్దానికి నల్లగుడ్డ కట్టాం. పక్క సీటులోని రెండో పైలట్ మాత్రం బయటికి చూస్తుంటాడు. వెనక బావ వెలుతురు పడకుండా ముసుగు కప్పుకుని తెర మీది చుక్కను చూడాలి. పైలట్లకు తెలుగు రాదు. బావకు తొందరలో ఇంగ్లీషు రాదు. అతను తెలుగులో అరిచింది నేను ఇంగ్లీషులో అరవాలి.

సముద్రం మీద మేం వెతికి పట్టుకోవలసిన మరో విమానం మా ముందు పోతోంది.

"దొరికీసింది బావా! కుడికి! ఇంకాస్త కుడికి!"

నేను "రైట్! రైట్!" అని అరిచాను. ఏమీ కనబడని పైలట్ మా కేకలు విని తిప్పుతున్నాడు, అది నిజంగానే దగ్గరవుతోంది! అంతలో బావ "ఎడం! ఎడం!" అన్నాడు. నేను "లెఫ్ట్" అన్నాను. విమానం ఎడమకు, సరిగ్గా దాని మీదికే ఒరిగింది. రెండో పైలట్ అందుకుని పైకి లాగకపోతే ముందున్న విమానాన్ని గుద్దేవాళ్లం.

బావ చెప్పింది ఎడమవైపు కాదు. బాగా దగ్గరికొచ్చేశాం, ఎడం ఉంచమని. ఒరిగిన క్షణంలోనే నాకు అర్థమైంది.

విచారణలో అధికారులు నన్నే అడిగారు. ఆయన అన్న మాటకు అర్థమేమిటి? లెఫ్ట్ అని చెప్పాను. అబద్ధమా? ఏ నిఘంటువులో చూసినా నిజమే. దూరం అనే అర్థం కూడా ఉందని మాత్రం చెప్పలేదు. తెర తప్పుగా చదివాడని తేల్చి బావను రేవుకు పంపేశారు. ఓడల రాడార్లు బాగుచేస్తూనే అతని ఉద్యోగం అయిపోయింది.

ఆ వారంలోనే పూర్ణా మార్కెట్లో ఎదురుపడ్డాడు.

"ఏటి బావా, ఎడం అంటే ఏటని సెప్పేవ్ ఆళ్లకి?"

"లెఫ్ట్ అని."

నవ్వాడు. "సరేలే. ఈసారి గుద్దీసేటప్పుడు ఇంగిలీసులోనే అరుత్తాను." రెండడుగులు వేసి మళ్లీ తిరిగాడు. "ముసుగులో సెమటకి తెర మసకేత్తది. గుడ్డ దగ్గరెట్టుకో."

అతనికి తెలుసు. ఆ సీటు ఇక నాదేనని.

తప్పు నా మీదికొస్తుందన్న భయంతో నోరు మెదపలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. భయం ఉంది. కానీ షెడ్డులో మొదటిసారి ఆ తెర వెలిగినప్పటి నుంచి దాని ముందు కూర్చోవాలన్న ఆశ అంతకంటే ఎక్కువగా ఉంది. దాన్ని ఎలా దాచుకున్నానో నాకే తెలియదు.

తర్వాతి పరీక్షలో ముసుగు నేను కప్పుకున్నాను. తెర అంచున పచ్చటి చుక్క మెరిసింది. దొరికింది! గొంతు చించుకుని అరిచాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. నా జీవితంలో అంత సంతోషం మళ్లీ రాలేదు. దిగేదాకా బావ ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

ఇన్నేళ్లూ దాచింది ఆ అర్థాన్ని కాదు, ఆ సంతోషాన్ని. ఇప్పుడు చెప్పేశాను.